గేటు దగ్గరి బెంచీ

నీళ్ళ సీసాలు ఆరు, తువ్వాళ్ళు రెండు, పాపకి మారుబట్టలు, అత్తయ్యగారి మోకాళ్ళకి రాసే మందు. పొద్దున్నే లేచి ఇవన్నీ ఒక సంచిలో సర్దుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, ఒక్కపూట షికారుకి ఇంత సరంజామా ఎందుకన్నారు. మధ్యాహ్నమయ్యేసరికి అందులోంచి అది ఇవ్వు, ఇది ఇవ్వు అని అడిగేది ఆయనే. పైగా మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తోటల్లోకీ కోటల్లోకీ సంచులు రానివ్వరు కదా, అందుకని సంచికి కాపలా నేను. పదకొండేళ్ళ కాపురంలో నేను చూసిన కోటలన్నీ గేట్లే. పెళ్ళైన కొత్తలో మామయ్యగారు, కోడలికి ఓపికెక్కువ, కూర్చుంటుందిలే అని మెచ్చుకున్నారు. ఆయన పోయారు గానీ ఆ మెచ్చుకోలు మాత్రం నా మెడకి చుట్టుకునే ఉంది.

నది ఒడ్డున కాలిబాట వెంట గంటసేపు నడిస్తే రాజుగారి పాత తోటలు. అత్తయ్యగారు నడవగలరా అని భయపడ్డాను. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని అందరికంటే ముందు నడిచారు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఈవిడేనా అని నోరెళ్ళబెట్టాను. వంపు తిరగ్గానే రాతిమెట్లు వస్తాయన్నారు, వచ్చాయి. గేటు పక్క కుళాయి నీళ్ళు తియ్యగా ఉంటాయన్నారు. దాని పక్కనే ఇనప బెంచీ ఉంటుందట, పొద్దున ఈ చివరున్న నీడ మధ్యాహ్నానికి ఆ చివరికి పాకుతుందట. కొత్త కోడలిగా ఉన్నప్పట్నుంచీ ఐదారుసార్లు వచ్చారట. ఎంత జ్ఞాపకమండీ ఆవిడకి! నిజం చెప్పొద్దూ, ఆవిడ వెనక నడవడం నాకు మొదటిసారి ఇష్టంగా అనిపించింది.

గేటు వచ్చింది. పూలతీగ అల్లుకున్న కమాను, దాని అవతల కళ్ళు చల్లబడే పచ్చదనం, ఎక్కడో ఫౌంటెన్ చప్పుడు. కాపలా మనిషి సంచి చూసి తల అడ్డంగా ఊపాడు. మా ఆయన టిక్కెట్లు తెచ్చారు, మూడు. నువ్వు కూర్చో, గబగబా చుట్టేసి వస్తాం అన్నారు. నా కాళ్ళు అలవాటుగా బెంచీ వైపు తిరిగాయి.

పాప అత్తయ్యగారి చెయ్యి ఊపుతూ అడిగింది. "నానమ్మా, లోపల ఏమేం ఉంటాయి?"

ఆవిడ కమాను వైపు చూశారు. "తెలీదమ్మా. నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు."

నానమ్మ ఆటపట్టిస్తోందనుకుని పాప నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కుళాయి నీళ్ళు, పాకే నీడ, ఆవిడకి తెలిసినవన్నీ ఈ బెంచీ మీద కూర్చుంటే తెలిసేవే. రేపు నా మనవరాలు అడిగినా నేను బెంచీల గురించే చెబుతాను. అలా చెప్పకూడదు, అంతే.

సంచి తీసి మా ఆయన భుజానికి తగిలించాను. ఆయన చేతిలోంచి టిక్కెట్లు తీసుకున్నాను. "ఈసారి మీరు కూర్చోండి" అన్నాను. అలా అన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. "ఎంతసేపని కూర్చోనమ్మా ఇక్కడ?"

అత్తయ్యగారు వంగి చెప్పులు తొడుక్కున్నారు. ఒక చేత్తో పాపనీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకున్నారు.

"నీడ ఆ చివరికి వచ్చేదాకా కూర్చో నాన్నా. అలవాటైపోతుంది."