ఇంగ్లీషుకు చేపిన బర్రె

సాగర్ డ్యాం పని జోరుగా నడుస్తున్న రోజుల్లో, హాలియా పోచయ్య అక్కడి కాలనీలో ఒక ఓవర్సియరు ఇంటి బర్రెను కొనుక్కొచ్చాడు. ఏనుగులాంటి బర్రె. పొదుగు నిండుగానే ఉంటుంది కానీ పాలు చేపదు. దాని దుడ్డెను తాగడానికి వదిలితే తన్నింది. ఉలవలు ఉడికించి పెడితే తిని ఊరుకుంది. మిరపకాయలతో దిష్టి తీసినా పాల సర్వ అడుగు తడవడమే గగనమైంది.

ఎనిమిదో రోజు, మంగళవారం, భార్య సుగుణమ్మ తేల్చేసింది.

“నా రెండు మేకలనమ్మి దీన్ని తెచ్చినవు. పాలు లేక దుడ్డె ఎండిపోతాంది. బేస్తారం అంగడికి నువ్వు తోలకపోతే నేనే తోల్త.”

“జర ఆగరాదే. ఓవర్సియరమ్మను అడిగొస్త.”

“అడుగు. బర్రెకు బొట్టు పెట్టి పిలవాల్నేమో.”

మర్నాడు పోచయ్య సిమెంటు లారీ ఎక్కి కాలనీకి పోయాడు. ఓవర్సియరు భార్య నిర్మలమ్మ సామాన్లు కడుతూంది. వాళ్లకు బదిలీ అయింది. సంగతి విని నవ్వింది.

“పాలు నేనే పితికేదాన్ని పోచయ్యా. ప్రైవేటుగా మెట్రిక్కు కడుతున్నాను కదా, వేరే తీరిక దొరక్క, పితుకుతూ ఇంగ్లీషు పాఠం పైకి వల్లె వేసేదాన్ని. రెండు ఈతలుగా దానికదే అలవాటు.”

“అంటే దానికి ఇంగ్లీషు సమజైతదా అమ్మా?”

“నాకే సగం అర్థం కాదు, దానికేం అవుతుంది? ఆ చప్పుడు వినబడితే పాలు తీసే వేళయిందని దాని లెక్క. నువ్వు నాలుక చప్పరిస్తే నీ ఎడ్లు కదలవూ?”

రెండు వాక్యాలు, వాటి అర్థం నేర్పి పంపింది. మూడో తరగతిలో ఉర్దూ పంతులు బెత్తం విరిగేదాకా కొడితే పలక పగలగొట్టి బడి మానినవాడు పోచయ్య. చదువుకున్నవాడు ఎదురైతే ఇప్పటికీ పక్కకు ఉమ్మేస్తాడు. అలాంటివాడు తిరుగు లారీలో నిలబడి దారి పొడుగునా ఆ రెండు వాక్యాలే నెమరేశాడు.

సాయంత్రం బర్రె పక్కన కూర్చుని గొణిగాడు. అది తోక ఝాడించింది, అంతే. పక్కింటి బీరన్న గోడ మీంచి తొంగిచూశాడు.

“ఏం మావా, బర్రె చెవుల చాడీలు చెప్తున్నవా?”

పోచయ్య సర్వను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. పైకి చదవాలంది నిర్మలమ్మ. బీరన్న విన్నాడంటే తెల్లారేసరికి ఊరంతా తనను దొర అంటుంది. చూస్తే తెల్లారితే బేస్తారం. గుంజ దగ్గర దుడ్డె కాళ్లు వణుకుతున్నాయి.

“మై విలేజ్ ఈజ్ ఎ స్మాల్ విలేజ్,” అన్నాడు గట్టిగా. “ఇట్ హ్యాజ్ ఎ వెల్.”

బీరన్న గోడ పట్టుకుని పడీ పడీ నవ్వాడు. పోచయ్య తల తిప్పలేదు. మళ్లీ అన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు. ఒకసారి రెండోది మరచిపోయి మొదటిదే తిప్పి చదివాడు. బర్రె చెవులు వాల్చింది. మెల్లగా నెమరు మొదలెట్టింది. సన్నులు బిగిశాయి. మొదటి ధార సర్వ అడుగున జుంయిమంది.

బీరన్న నవ్వు ఆగింది. “గదేం మంత్రమే మావా?”

“మంత్రం గాదురా. మా ఊరు చిన్నదట, దాంట్ల బాయున్నదట.”

“గింతేనా ఇంగ్లీషంటే?”

“గింతే. ఉత్తగనే భయపెట్టిండ్రు మనల్ని.”

సుగుణమ్మ వచ్చి నురుగు చూసింది. దుడ్డె తలుగు విప్పింది. పోచయ్య నాలుగో సన్ను దానికి వదిలేసి, సర్వ ఎత్తుకుని లేవబోయాడు.

“లేస్తవేంది? అది తాగుతనే ఉన్నది. చదువు,” అంది.

పోచయ్య మళ్లీ కూర్చున్నాడు.