పోదాం, పోదుం

గిరి చేతిలో సంచి లేకుండా ఇంటికి వచ్చిన సాయంత్రం భువనేశ్వరికి ఒక్కటీ గుర్తు లేదు. మనలి ఫ్యాక్టరీ నుంచి బస్సెక్కి వాషర్‌మెన్‌పేట్‌లో దిగేదాకా మనిషి బుద్ధిగానే ఉంటాడు. దిగాక ఇంటికి పావుగంట నడక. చిక్కంతా ఆ పావుగంటలోనే. రోడ్డుకు రెండు పక్కలా తోపుడుబళ్లు, ప్లాస్టిక్ సామాన్ల అంగళ్లు, ఏది తీసుకున్నా ఒకటే ధర అని మైకులో అరిచే వ్యాన్లు. గిరి కనిపిస్తే చాలు, పెళ్లికి వచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు అందరూ పిలుస్తారు. ఎవరు పిలిచినా ఆయన కాదనలేడు. ఆయనలో ఉన్న మంచితనం అదే, ఉన్న రోగమూ అదే.

ఆ సోమవారం సంచిలోంచి బయటికి వచ్చింది పుచ్చకాయ కోసే పరికరం. చూడడానికి పటకారులా ఉంది. నొక్కితే ముక్కలు నలుపలకలుగా వస్తాయట.

"మనింట్లో పుచ్చకాయ ఎవరు తింటారండీ?" అంది భువనేశ్వరి. "అత్తమ్మకు షుగరు. మన పిల్ల భరణి ముట్టదు. నాకు జలుబు చేస్తుంది."

"నేను తింటా గదబ్బా."

"కాయంతా మీరే తింటారా? మిగిలింది ఎక్కడ పెడతారు?"

గిరి అలవాటుగా వంటింటి మూలకు చూశాడు. ఆ మూలన ఫ్రిజ్ ఉంది. ఉందంటే నిలబడి ఉంది, అంతే. మార్చిలో ఒక మధ్యాహ్నం గట్టిగా ఒకసారి మూలిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, పదిహేనేళ్ల ఫ్రిజ్‌కు కొత్త కంప్రెసర్ వెయ్యడం దండగని చెప్పి, ఆ మాట చెప్పినందుకు కూడా డబ్బు తీసుకుని పోయాడు. అప్పటి నుంచి అది గిరి కొన్న వస్తువులకు గది అయింది. పై అరలో ఉల్లిపాయలు తరిగే మిషను, కింద దోశ దానంతటదే తిరగబడుతుందన్న పెనం, కూరగాయల అరలో కాళ్లు పట్టే యంత్రం, తలుపులో గుడ్లు పెట్టేచోట బ్యాటరీలు లేని టార్చిలైట్లు మూడు. భువనేశ్వరి పుచ్చకాయ పరికరాన్ని అందులోనే పెట్టి తలుపు మూసింది.

అసలు బాధ ఫ్రిజ్ లేకపోవడం కాదు. పాలు పూటకు పూట తెచ్చుకోవచ్చు, పిండి ఏ రోజుకారోజు రుబ్బుకోవచ్చు. గిరి తల్లి తాయారమ్మకు రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాలి. ఆసుపత్రిలో నెలకు సరిపడా సీసాలు ఒకేసారి ఇస్తారు, వాటిని చల్లగా ఉంచాలి. ఎండ చూస్తే పొద్దున తొమ్మిదికే గోడలు కాలుతున్నాయి. పైవాటాలో వాళ్లు సెలవులకు ఊరికి పోయారు. ఎదురింటివాళ్లతో నీళ్ల మోటారు గొడవైన దగ్గర్నుంచి మాటల్లేవు. అందుకని సందు మొదట్లో కూల్‌డ్రింకులు అమ్మే అరుముగం దయతలచి తన ఫ్రిజ్‌లో ఆ సీసాల డబ్బాకు ఒక మూల ఇచ్చాడు. రోజుకు రెండుసార్లు తాయారమ్మ మెట్లు దిగి, సోడాసీసాల వెనక నుంచి తన మందు తెచ్చుకుని, మళ్లీ ఇచ్చి వస్తుంది.

మంగళవారం సాయంత్రం ఆమె ఒక మాట మోసుకొచ్చింది.

"అరుముగం శుక్రవారం రాత్రి బండికి ఊరికి పోతన్నాడంట. వాళ్ల గుడి తిరునాళ్లు. రెండు వారాలు అంగడి మూత."

"ఫ్రిజ్?"

"కరెంటు ఆపి పోతాడంట. నా ఒక్కదాని మందు కోసం అంగడంతా మేలుకోనుండమంటే బాగుంటదా?"

భువనేశ్వరి కుట్టుమిషను మీద నుంచి చెయ్యి తీసింది. జాకెట్లు కుట్టి ఆమె వేస్తున్న చీటీ ఈ నెలే పాడింది. డబ్బు బుధవారం చేతికి వస్తుంది. ఒక తలుపు ఫ్రిజ్‌కు సరిగ్గా సరిపోతుంది. సరిగ్గా అంటే సరిగ్గానే. మధ్యలో ఒక్క పుచ్చకాయ పరికరానికి కూడా చోటు లేదు.

ఆమె గిరిని మార్చే ప్రయత్నం చెయ్యలేదని కాదు. గోడకు వేలాడే దినసరి క్యాలెండరుతో ఒక పద్ధతి పెట్టింది. ఏదైనా కొనాలనిపిస్తే దాని పేరు పదిరోజుల తర్వాతి కాగితం మీద రాసిపెట్టాలి. రోజుకొక కాగితం చింపుతూ పోయి ఆ కాగితం వచ్చిన నాటికి కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. మొదట్లో ముచ్చటగానే పనిచేసింది. "గోడకు అంటించే సబ్బుపెట్టె" అని తన చేత్తో రాసింది తనే చదివి, "ఇదెవురు రాసినారు?" అని గిరి అడిగిన రోజు ఆమె నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కాళ్లు పట్టే యంత్రం దగ్గర గిరికి ఓపిక చాలక, ఒక పొద్దున ఎవరూ లేవకముందే రెండు కాగితాలు కలిపి చింపాడు. తాయారమ్మకు ఫోనులో తేదీ చూసే అలవాటు లేదు. క్యాలెండరులో అమావాస్య కనిపించింది. తలంటుకుని, ఉల్లిపాయ లేకుండా వంట చేయించి, డాబా మీద కాకికి అన్నం పెట్టింది. కాకి ముట్టేదాకా తినకూడదని మొండికేసి కూర్చుంది. పదకొండు గంటలకు ఆమెకు కళ్లు తిరిగాయి. చెమటలు పట్టిన ఆమెకు చక్కెర నీళ్లు తాగిస్తుంటే, బడికి సెలవై ఇంట్లో ఉన్న భరణి ఫోను చూసి నాయనమ్మకు చెప్పింది.

"అమావాస్య రేపు పాటీ."

గిరి ఆ సాయంత్రం తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. లేచి పోయి కాళ్లు పట్టే యంత్రం కొనుక్కొచ్చాడు. అమ్మ కోసమేనన్నాడు. మర్నాడు భువనేశ్వరి అమావాస్య వంట మళ్లీ చేసింది.

గురువారం సాయంత్రం గిరి, భువనేశ్వరి, భరణి ఫ్రిజ్ కొనడానికి బయలుదేరారు. గుమ్మంలోనే భువనేశ్వరి ఆపింది.

"ఒక తలుపుది. ఇంకేదీ చూడకూడదు."

"చూస్తే డబ్బు పోతాదా?"

"మీరు చూస్తే పోతుంది."

"అమ్మా, నువ్వు కూడా ఆడ 'పోదాం' అనొద్దుమా," అంది భరణి చెప్పులు వేసుకుంటూ. "పోయినసారి నాలుగు చీరలొచ్చినాయి."

ఆ చీరల సంగతి తలుచుకుంటే భువనేశ్వరికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నాయుడుపేట నుంచి కాపురానికి వచ్చి పదహారేళ్లయినా అంగళ్లలో ఆమెకు తమిళం నోరు పెగలదు. ఆడపడుచు కూతురి పెళ్లికి చీరలు చూస్తూ చూస్తూ విసిగి, గిరి మోచెయ్యి పట్టుకుని "పోదాం" అంది. జనం గోలలో అమ్మే అతనికి "పోదుం" అని వినిపించింది. తమిళంలో పోదుం అంటే చాలు. ఇవి చాలంటోందనుకుని అప్పటిదాకా పక్కన పెట్టిన నాలుగు చీరలూ మడిచి బిల్లు చేయించేశాడు. గిరి ఆ మనిషిని నొప్పించలేక డబ్బు కట్టాడు. అందులో రెండు చీరలు ఇంకా మడత విప్పలేదు.

ఫ్రిజ్‌ల అంగట్లో వాళ్లకు ఎదురొచ్చింది సుందర్‌రాజ్ అని జేబు మీద పేరున్న పెద్దాయన. అడిగిందే చూపించాడు. ఒక తలుపుది, ముదురెరుపు రంగు, నడుముకు కాస్త పైదాకా వస్తుంది. అంగట్లోనే సరుకుంది, రేపు పొద్దున పదికల్లా ఇంట్లో ఉంటుందన్నాడు. భువనేశ్వరికి ప్రాణం లేచి వచ్చింది. ఇంతేనా, ఇంత సులువా అనుకుని ఆమె సంచిలో ఫోను వెతుక్కుంటుండగా, వెనక నుంచి గిరి గొంతు వినిపించింది.

"దీంట్లో ఏముండాది?"

ఆయన నిలబడింది రెండు తలుపుల ఫ్రిజ్ ముందు. సుందర్‌రాజ్ రెండు తలుపులూ బార్లా తెరిచాడు. లోపల పెళ్లిపందిరిలా దీపాలు వెలిగాయి. చల్లటి గాలి గిరి మొహానికి కొట్టింది. ఆయన కళ్లు సగం మూసుకున్నాడు.

"పుచ్చకాయ కొయ్యకుండా అట్లాగే పడుతుంది సార్," అన్నాడు సుందర్‌రాజ్ తమిళంలో.

"విన్నావా భువనా? కాయకు కాయ పడతాదంట."

"కొయ్యకుండా పెడితే, కోసేది కొన్నారు కదా, దాన్నేం చేస్తారు?"

ఆ ప్రశ్న గిరికి చేరలేదు. నెల నెలా కొంచెం కొంచెం కట్టుకోవచ్చట, వడ్డీ లేదట, మిక్సీ ఊరికే ఇస్తారట. గిరి ఆ తలుపు మూస్తాడు, ఈ తలుపు తెరుస్తాడు. భరణి ఒక ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చుంది. అరగంట గడిచింది.

"ఇది ఎప్పుడు వస్తుందో అడగండి," అంది భువనేశ్వరి.

గోడౌన్‌లో ఉంది, వచ్చే బుధవారం వస్తుందన్నాడు సుందర్‌రాజ్.

"రేపు సాయంత్రం అరుముగం తాళం వేస్తాడు. అత్తమ్మ మందు?"

"అయిదు దినాలే గదబ్బా. ఐసుపెట్టె కూడా ఊరికే ఇస్తారంట. దాంట్లో పెడదాం."

"ఈ ఎండల్లో ఆ పెట్టెలో అయిదు రోజులు మీరు కూర్చోండి. తెలుస్తుంది."

"అట్ట మాట్లాడితే ఎట్ట? ఒక్కసారి కొనేది మంచిది కొనుక్కోవాల గదా."

"ఒక్కసారి కొనేవి మనింట్లో ఎన్నున్నాయో మన ఫ్రిజ్ తెరిచి చూడండి."

భరణి ఫ్యాను కింద నుంచి కిసుక్కున నవ్వింది. గిరి నవ్వలేదు. ఆయనకు నిజంగానే ఆ ఫ్రిజ్ మీద ప్రేమ పుట్టింది. దాని తలుపు మీద చెయ్యి వేసి నిలబడిన తీరు చూస్తే భువనేశ్వరికి తెలిసిపోయింది, ఇంకో పది నిమిషాలైతే సంతకం పెట్టేస్తాడు. చీటీ డబ్బు దానికి మొదటి విడత అవుతుంది. తన జాకెట్ల డబ్బు ఇంకో రెండేళ్లు దానికే పోతుంది. అంతకుముందు ఈ అయిదు రోజులూ ముసలామె ప్రాణం ఐసుపెట్టెలో ఉంటుంది. తమిళంలో గట్టిగా చెబుదామంటే మాట రాదు. తెలుగులో గట్టిగా చెబితే అంగడంతా చూస్తుంది. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంక వద్దు, పోదాం అనబోయి, మాట నాలుక చివరికి వచ్చాక ఆగింది.

అప్పుడే సుందర్‌రాజ్ కూడా అలిసిపోయి ఆమె వైపు తిరిగాడు. చిన్న ఫ్రిజ్‌ను చూపిస్తూ, ఇదే సరిపోతుందా, లేక అదా, ఏదో ఒకటి చెప్పమన్నట్టు అడిగాడు.

"పోదుమా మేడం?"

భువనేశ్వరి నాలుగడుగులు వేసి ఎర్ర ఫ్రిజ్ దగ్గరికి పోయింది. దాని నెత్తిన అరచెయ్యి ఆనించింది. మొగుడి వైపు కాదు, కూతురి వైపు చూసి, తన జీవితంలో ఏ అంగట్లోనూ అననంత గట్టిగా అంది.

"పోదాం."

సుందర్‌రాజ్ మొహం విచ్చుకుంది. ఇది చాలని మేడం చెప్పేశారు, బిల్లు వెయ్యండి అని కౌంటరుకు కేక వేశాడు. కౌంటరులో అమ్మాయి టపటపా కొట్టింది. కాగితం సర్రున బయటికి వచ్చింది.

"ఏయ్, ఆమె అన్నది పోదాం అని..." అని గిరి మొదలుపెట్టాడు.

సుందర్‌రాజ్ అప్పటికే బిల్లు తెచ్చి రెండు చేతులతో అందిస్తున్నాడు. గంటసేపు నిలబడిన మనిషి. నుదుట చెమట. మంచి ఫ్రిజ్ సార్, అమ్మగారికి ఏం కావాలో తెలుసు సార్ అంటున్నాడు. గిరి ఆ మొహంలోకి చూశాడు. బిల్లు చూశాడు. ఎవరినీ కాదనలేని మనిషి ఈయన్ని మాత్రం ఎట్లా కాదంటాడు?

భువనేశ్వరి తన ఫోనులోంచి డబ్బు కట్టింది.

దారిలో గిరి బస్‌స్టాపు దగ్గర ఆగి అడిగాడు.

"నువ్వు అన్నది పోదాం అనేనా, పోదుం అనా?"

"మీకెట్లా వినిపించింది?"

"నాకు సరిగ్గానే వినిపించింది."

"అయితే అదే."

శుక్రవారం పదింటికి ఫ్రిజ్ వచ్చింది. పాతదాన్ని మార్పిడి కింద తీసుకుపోయారు. అందులోని సామాన్లన్నీ వంటింటి నేల మీద కుప్పగా మిగిలాయి. తాయారమ్మ అరుముగం అంగడికి పోయి, సీసాల డబ్బా తెచ్చి, పై అరలో తన చేత్తోనే పెట్టింది. ఆ తర్వాత రెండుసార్లు తలుపు తెరిచి అది అక్కడే ఉందో లేదో చూసుకుంది.

సాయంత్రం గిరి ఇంటికి వచ్చాడు. చేతిలో సంచి లేదు.

భువనేశ్వరి నమ్మలేదు. ఆయన వెనక గుమ్మం బయట కూడా చూసింది. ఏమీ లేదు. గిరి మంచినీళ్లు తాగి, ఎంతో బుద్ధిమంతుడిలా క్యాలెండరు దగ్గరికి పోయి ఏదో రాశాడు. ఆమె మెల్లగా పోయి చూసింది. "ఫ్రిజ్ కవరు, పూలది" అని ఉంది. రేపటి కాగితం మీద.

"పది రోజులు కదండీ."

"ఆదివారందాకనే ఆఫరబ్బా. అందుకే రేపు రాసినా. రాయకుండా కొన్నానా? పద్ధతి ప్రకారమే గదా పొయ్యేది?"

భువనేశ్వరి నేల మీది కుప్పను చూసింది. పుచ్చకాయ పటకారు దాని మీద నోరు తెరుచుకుని పడి ఉంది. ఈలోగా తాయారమ్మ మంచం మీద నుంచి అంది.

"పోదుంరా గిరీ."

గిరి చటుక్కున గుమ్మం వైపు తిరిగి చెప్పుల కోసం చూశాడు.

"పోదామా? సరేమా, రా. నువ్వే రంగు చూద్దువు."

భువనేశ్వరి ఆయన కంటే ముందు గుమ్మం దగ్గరికి పోయి, ఆ చెప్పులు రెండూ తీసి, వంటింట్లోకి తీసుకుపోయింది.