ఒక కాలికే విప్పిన కుట్టు

తగువు ప్యాంటు దగ్గర మొదలైంది.

"ఉతకడానికి ఇవ్వమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు పట్టుకు కూర్చుంటారేంటండీ," అంది భార్య, గుమ్మం అవతలే నిలబడి.

"మాసిపోలేదు."

"ఇక్కడిదాకా వాసనొస్తోంది."

"అంత దూరాన నిలబడ్డదానికి ఎలా వచ్చిందట?"

గోడ అవతల కొట్లో కుట్టుమిషను ఆగింది. కూతురు నవ్వు ఆపుకుంటోందని టైలరు మాస్టారికి తెలిసిపోయింది. తన మాటకు ఈ ఇంట్లో ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంకోమాట అందామనుకునేలోగా భార్య వచ్చి, ఒళ్ళోని ప్యాంటు లాక్కుపోయింది.

లివరు గట్టిపడి పొట్టలో నీరు చేరడం పాత సంగతే. కిందటి వానాకాలం ఆ నీటికి ఇన్ఫెక్షను సోకి, జ్వరంలో కన్నకూతుర్నే "నీ బట్టలింకా కాలేదమ్మా, రేపు రా" అన్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరు, మళ్ళీ ఇన్ఫెక్షను రాకుండా చూసుకోమంది. భార్య ఆ మాటను కొంగున ముడేసుకుంది. అప్పట్నుంచి వెనక గది అతనిది. కంచం వేరు, గ్లాసు వేరు. కొట్లోకి వెళ్ళకూడదు, వచ్చేవాళ్ళు దగ్గుతారు. తెగితే రక్తం ఆగదు కాబట్టి కత్తెర ముట్టకూడదు. అంతా అతని మంచికే కావడంతో ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. పగలంతా మంచం మీద పడుకుని మిషను చప్పుడు వినేవాడు. కుట్టు వంకరపోతే చప్పుడులోనే పట్టేసేవాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

బకెట్లో వేయబోతూ భార్య ప్యాంటును తిరగేసింది. ఎడమ కాలి కుట్టు పొడవునా విప్పి, లోపలి మడత వదిలి, కాలు వదులు చేసి, చేత్తో మళ్ళీ కుట్టి ఉంది. కుడి కాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"చిట్టీ, ఇది నువ్వు చేశావా?"

కూతురు వచ్చి చూసింది. "నా చేతి కుట్టు ఇంత బాగుంటుందా అమ్మా?"

ఇద్దరూ గదిలోకి వచ్చారు. చిట్టి దుప్పటి తొలగించింది. ఎడమ పిక్క కుడిదానికంటే బాగా లావెక్కి, ఎర్రగా, నున్నగా మెరుస్తోంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"నీరేలే. నాకు కొత్తా?"

"నీరైతే రెండు కాళ్ళకీ రావాలిగా."

అది అతనికీ తట్టింది. చెబితే మళ్ళీ వార్డు, తిరిగొచ్చాక ఈ తలుపు ఇంకాస్త మూసుకుంటుందని నోరు మెదపలేదు. జన్మంతా ఒంటికి తగ్గట్టు గుడ్డను సర్దినవాడు, ఇప్పుడూ అదే చేశాడు.

ఆసుపత్రిలో స్కాన్ తీసి, కాలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వచ్చేదట.

"గీసుకుంటే రక్తమే ఆగదు కదమ్మా, గడ్డెలా కడుతుంది?" అంది భార్య.

"లివరు పాడైతే రెండూ జరుగుతాయి. ఓ చోట ఆగదు, ఇంకో చోట పేరుకుంటుంది," అంది డాక్టరు. "కదలకుండా పడుకున్నా గడ్డ కడుతుంది. రోజంతా మంచం మీదే ఉంటారా?"

"ఎవరిదైనా అంటుకుంటుందని, విడిగా..."

"ఆ పొట్ట ఇన్ఫెక్షను ఎక్కువగా ఆయన పేగుల్లోంచే వస్తుందమ్మా. గ్లాసు వేరు పెడితే ఆగేది కాదు. జలుబూ జ్వరం ఉన్నవాళ్ళని దూరంగా ఉంచండి, చాలు."

గొంతులోంచి కెమెరా వేసి అన్నవాహికలో ఉబ్బిన నరాలు చిట్లి రక్తం పోయే ప్రమాదం లేదని చూశాకే గడ్డ పెరగకుండా ఆపే మందు మొదలుపెట్టారు. అన్ని రోజులూ భార్య వార్డు బయట బెంచీ చివర కూర్చునే ఉంది.

ఇంటికొచ్చిన పూట ఆమె అతని కంచం ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకు నిలబడింది. మాస్టారు గోడ పట్టుకుంటూ నడిచొచ్చి, అన్నం ముందున్న చిట్టి పక్కన కూర్చున్నాడు. భార్య కంచం అతని ముందు పెట్టి, తనూ పక్కనే కూర్చుంది.

"ఇకమీదట ఒంట్లో ఏం తేడా వచ్చినా ఆ పూటే చెప్తాను," అన్నాడు. "కత్తెర ముట్టను, సూదీ ముట్టను. కానీ రేపట్నుంచి కొట్లో కూర్చుంటాను. వచ్చినవాళ్ళ కొలతలు నేనే తీస్తాను."