ఆళ్లగడ్డ అని రాసిన కార్డు

ఇస్సాకు మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సగం పోయింది, ఎందుకు పోయిందో చెప్తాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను.

2009 సంగతి. మా వెన్నెలకి అప్పుడు పదకొండేళ్లు. అంతకు ముందు ఏడాది ఇసుక ట్రాక్టర్ తగిలి కుడి తొడ ఎముక విరిగింది. నంద్యాల డాక్టరు లోపల రాడ్డు వేశాడు. ఆర్నెల్ల తర్వాత ఎక్స్‌రే చూసి, ఎముక అతుక్కుంది, ఇక కాలి మీద బరువు వెయ్యమన్నాడు. వేస్తేనా! చంకలో కర్ర పెట్టుకుని ఎడమ కాలి మీద కొంగలాగా నిలబడేది. కుడి కాలు నేలకి ఆనిస్తే మళ్లీ విరుగుతుందని దాని భయం. బతిమాలాను, తిట్టాను, ఒకరోజు కొట్టాను కూడా. కొట్టినందుకు నేనే ఏడ్చాను గానీ అది కాలు మాత్రం ఆనించలేదు.

కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు సెలవుకి వస్తూ, ఆ ఇంటి పిల్లలు వద్దనుకున్న ఆట మిషను తెచ్చాడు. టీవీకి తగిలించేది. దానితో పాటు ఒక తెల్ల పలక. పలక మీద నిలబడితే ఏ కాలి మీద ఎంత బరువు పడుతోందో టీవీలో చూపిస్తుంది. మొదటి రోజు వెన్నెల కుడి కాలికి వందకి పద్దెనిమిది వచ్చింది. మర్నాడు పందొమ్మిది. నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పినా వినని పిల్ల, ఆ అంకె కోసం రోజూ పొద్దున్నే పలకెక్కింది. మిషను రోజుకో ముద్ర వేసి అన్ని రోజుల అంకెలూ తనలో దాచుకునేది. ఏడు నెలలకి, మే నెలలో, నలభై నాలుగు అయింది. యాభై వస్తే కర్ర అవతల పారేసి, బడి తెరిచిన రోజు నడిచి పోతానని తనంతట తానే చెప్పింది. మాకు కావాల్సింది ఆ ఆరే.

సరిగ్గా అప్పుడే మిషన్లో పెట్టే ఆట డిస్కు మీద గీతలు పడి ఆట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆ డిస్కు మా వైపు దొరకదు. నంద్యాల్లో ఇస్సాకు అని ఇట్లాంటి మిషన్లు చూసేవాడు ఉన్నాడనీ, కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కిస్తే డిస్కు లేకుండా పెన్‌డ్రైవ్‌లోంచే ఆట నడుస్తుందనీ ఎవరో చెప్పారు. మా ఆయనకి ట్రాక్టర్ షెడ్డులో పని తెమలదు. నేను బ్లౌజులు కుడతాను, లైనింగు గుడ్డకి ఎట్లాగూ నంద్యాల పోవాలి. మిషన్ని పాత చీరలో చుట్టుకుని బస్సెక్కాను.

ఇస్సాకు పనిమంతుడే, అది ఒప్పుకుంటాను.

"ముందు దీంట్లో ఉండేదంతా కార్డులోకి కాపీ తీస్తానక్కా," అన్నాడు. "ఎక్కించేటప్పుడు ఏమన్నా అయ్యి మిషను పడుకునిందంటే, కాపీతో మళ్లా లేపుకోవచ్చు. కానీ ఎవురిది వాళ్లకే. ఇంకోరి కాపీ పెట్టినామంటే ఇంక లేచేది ల్యా."

గోరంత కార్డు, దానికో చిన్న కవరు. కవరుకి చీటీ అంటించి పెన్ను పట్టుకున్నాడు. "పేరు జెప్పక్కా. మీ ఇంటాయన పేరు."

నేను బజార్లో నలుగురు మగవాళ్లతో గొడవ పెట్టుకోగలను. ముక్కు మీద కోపం అని మా వీధంతా అంటుంది, అననీ. కానీ మొగుడి పేరు మాత్రం నోటితో చెప్పను. మా అవ్వ చెప్పలేదు, మా అమ్మ చెప్పలేదు, పెళ్లైన పదమూడేళ్లలో నేనూ చెప్పలేదు. రేషను కార్డు దగ్గరైతే పక్కనున్నవాళ్లు అందిస్తారు. ఆ షాపులో పక్కన ఎవరూ లేరు.

"పేరెందుకప్పా? ఆళ్లగడ్డ అని రాసుకో, సాలు," అన్నాను.

రాసుకున్నాడు. నంద్యాల అంగళ్లలో మమ్మల్ని ఎట్లాగూ ఊరి పేరుతోనే పిలుస్తారు. రెండు రోజులాగి రమ్మన్నాడు.

రెండు రోజులాగి పోతే నన్ను చూసి స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"కరెంటు పాయ అక్కా. సగం ఎక్కినాంక పాయ."

"పోతే కాపీ ఉండాది గదా. పెట్టు."

"పెట్టినా." నేల చూస్తున్నాడు. "అది మీది కాదు. ఇంకో ఆళ్లగడ్డాయన మిషను గూడా ఈ వారమే వచ్చినాది. రెండు చీటీల మీదా ఆళ్లగడ్డ అనే రాసినా. మీ కార్డు ఆయన ఎత్తుకపోయినాడు. ఆయనది నేను మీదాంట్లో పెట్టినా."

"పెడితే లేచేది ల్యా అని నువ్వే గదా నాకు పాఠం జెప్తివి?"

మిషన్ని నా చేతుల్లో పెట్టాడు.

"అది ఆట అనుకుంటాండావా? నా బిడ్డ కాలప్పా అది. ఏడు నెలల కాలు."

షాపు ముందు జనం పోగయ్యేదాకా తిట్టాను. తిడుతున్నంతసేపూ చేతిలో ఆ చచ్చిన మిషను ఉంది. తిట్టి తిట్టి అలిసిపోయాక, దాన్ని అదే పాత చీరలో చుట్టుకుని బస్సెక్కాను.

వెన్నెలకి చెప్పక తప్పలేదు. విని, టీవీ వైపు చూసి, "మళ్లా పద్దెనిమిది నుంచి రావాల్నా మా?" అంది. ఆ రోజు నుంచి కుడి కాలు మళ్లీ పైకి లేచింది. పలకని మంచం కిందికి తోసేసింది. బడి తెరవడానికి ఇంక పదిరోజులు.

రెండో ఆళ్లగడ్డాయన పేరు దావీదు, డిపోలో కండక్టరు. ఎక్కడో కాదు, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఇస్సాకు దగ్గర ఫోన్ నంబరు తీసుకుని, ఇల్లు కనుక్కుని పోయాను.

"ఆ కార్డా?" అన్నాడు. "దాచిపెట్టుకోమనే ఇచ్చినాడమ్మా ఇస్సాకు. నా మిషను బాగనే ఆడతాంది గదా, ఊరికే ఎందుకని ఫోన్లో ఏసుకున్యా. ఉండేదంతా తుడిచి పాటలెక్కిచ్చినా."

ఆయన్నీ వదల్లేదు. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన టిక్కెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సులో ఎంతమంది తిట్లు విన్నవాడో, చివరిదాకా నిదానంగా విన్నాడు.

"నీ కోపం న్యాయమేనమ్మా," అన్నాడు. "చీటీ మీద మీ ఇంటాయన పేరు ఉండింటే, ఇది నాది కాదని ఆ పొద్దే ఇచ్చేసి వస్తాంటి. ఆళ్లగడ్డ అని ఉండె. నాదీ ఆళ్లగడ్డే గదా."

తిరిగొస్తుంటే ఆ నాలుగు వీధులూ ఎంతకీ తరగలేదు. అంతమందిని తిట్టాను, తిట్టాల్సిన మనిషి నా చెప్పుల్లోనే నడుస్తోంది. ఇంటికొచ్చి మా ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను నాలుగు తిడితే బాగుండు అనుకున్నాను. చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "ఇట్లయితాదని నీకు తెల్సింటే పేరు జెప్తుంటివి గదా," అన్నాడు. దానికి ఇంకా మండింది.

నాలుగో రోజు పొద్దున్నే ఇస్సాకు వచ్చాడు. నంద్యాల నుంచి బస్సులో, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని.

"ఇది మా షాపు మిషను. పాప నడిచేదాకా ఈడ్నే పెట్టుకోండి. ఆట ఎక్కిచ్చినా," అన్నాడు.

నేనైతే తలుపు వేసేదాన్నే. మా ఆయన లోపలికి రమ్మన్నాడు. ఇస్సాకు తీగలు తగిలించాడు, మంచం కింది నుంచి పలక లాగాడు. టీవీలో ముద్రల పేజీ ఖాళీగా కనిపించింది. వెన్నెల గోడకి తిరిగి కూర్చుంది.

"నేనెక్కను. మళ్లా పద్దెనిమిది వస్తాది."

బతిమాలే ఓపిక నాకు లేదు. "రానీ," అన్నాను. "పద్దెనిమిదే రానీ. తప్పు నాది. మళ్లా ఏడు నెల్లు నీ పక్కన నేను నిలబడతా. ఎక్కు."

నా నోట తప్పు నాది అన్న మాట అది ఎప్పుడూ వినలేదు. లేచింది. కర్ర గోడకి ఆనించి పలకెక్కింది. టీవీలో చుక్క కాసేపు అటూ ఇటూ ఊగి ఆగింది.

నలభై మూడు.

"ఒకటే తగ్గినాది," అంది వెన్నెల. కిందికి వంగి తన కుడి కాలు వైపు చూసుకుంది. "ఇది మర్చిపోలేదు మా."

నేను వంటింట్లోకి పోయి మొహం కడుక్కున్నాను. బయటికి వచ్చేసరికి ఇస్సాకు కొత్త కార్డులోకి కాపీ తీస్తున్నాడు. చీటీ అంటించాడు, పెన్ను తీశాడు. ఈసారి నా వైపు చూడలేదు, మా ఆయన వైపు చూసి, "పేరు జెప్పన్నా," అన్నాడు.

"ఆయన్నెందుకు అడుగుతావ్? నన్నడుగు," అన్నాను. "వెన్నెల. మల్లేశ్ బిడ్డ. భ్రమరాంబిక బిడ్డ. ట్రాక్టర్ షెడ్డు సందు, ఆళ్లగడ్డ. అంతా రాయి."

మా ఆయన తల వంచుకుని గ్రీజు లేని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వెన్నెల పలక మీది నుంచి దిగకుండానే నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"చీటీలో పట్టదక్కా," అన్నాడు ఇస్సాకు.

"పట్టకపోతే రెండు చీటీలు అంటించు," అన్నాను.