బ్లేడు గీత

నేను ఒక గోడపత్రిక పలకను. అంతకుముందు దర్జీ దుకాణంలో బట్టలు కత్తిరించే బల్లను. ఆ దుకాణం మూతపడ్డాక తెలుగు చెప్పే ఓబులేసు సారు నన్ను సైకిలుకు కట్టుకొచ్చి బడి వరండాలో తగిలించాడు. పిల్లలు రాసిన కథలు నా మీద గుచ్చేవాడు.

ఆ పిల్లలకు ఒక అలవాటు ఉంది. కథ చదవగానే అది ఎవరి గురించో తేల్చేసి, ఆ పేరు పెన్సిలుతో కింద రాసేస్తారు. పిచ్చుక కథకైనా ఎవరిదో ఒక పేరు పడాల్సిందే. రాసినవాళ్లను మాత్రం ఎవరూ అడగరు.

తొమ్మిదో తరగతి నీలవేణి, హాజరు పలకడానికే సిగ్గుపడే పిల్ల, కుంటిమేక కథ రాసింది. వంక పొంగుతుంటే మంద అవతలి గట్టుకు పోతుంది. కుంటిమేక ఇవతలే నిలబడిపోతుంది. చివరికి ఒక్క మేక వెనక్కి తిరిగి, దాని కోసం నీళ్లలోకి దిగుతుంది.

సారు నన్ను కిందికి దించి కాగితం నా మీద పరిచాడు.

"మేక నిలబడిపోయిందన్న చోట ఆపాలమ్మా. అప్పుడే చదివినోళ్ల కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి" అంటూ అడుగుభాగం బ్లేడుతో కోసి, ఉండచుట్టి పారేశాడు. కాగితంతో పాటు నాకూ గీత పడింది. సారు మిగతా కథ నాకు గుచ్చి, నన్ను తగిలించి వెళ్లాక నీలవేణి నా దగ్గర గొణిగింది: "ఆ కుంటిమేక నేనే. తిరిగొచ్చింది మా కుళ్లాయమ్మ."

కుళ్లాయమ్మ ఆమె పక్కన కూర్చునే పిల్ల. నీలవేణికి మాట పెగలనప్పుడల్లా తానే జవాబు చెప్పేది. చిన్నప్పుడు బండి మీద నుంచి పడి కుళ్లాయమ్మకు ఒక కాలు కుంటు. రోజూ ఆమె భుజం పట్టుకొని నడిచే నీలవేణికి, కథ రాసేటప్పుడు ఆ కాలు గుర్తుకే రాలేదు.

మధ్యాహ్నానికల్లా కథ కింద పేరు పడింది: కుళ్లాయమ్మ.

"మేకొస్తాండాది, దోవ ఇడవండ్రా!" అని మగపిల్లలు అరిచారు. సారు మనసు మంచిదే. మరునాడు ప్రార్థనలో కుళ్లాయమ్మను ముందుకు పిలిచి, స్నేహితురాలి బాధను నీలవేణి ఎంత బాగా రాసిందో చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. కుళ్లాయమ్మ తల వంచుకొని నిలబడింది.

సాయంత్రం ఆమె నా ముందుకొచ్చి కథంతా చదివింది. వెనక నీలవేణి.

"నీ కంటికి నేనిట్లా కనబడతానేమే?"

నీలవేణి తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మేకనన్నా ఎనక్కి తిప్పింటే నీ సొమ్మేం పోయేది?"

నీలవేణి పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆమె మాట రానప్పుడు పలికే మనిషే ఇప్పుడు ఎదురుగా నిలబడి జవాబు అడుగుతోంది. కుళ్లాయమ్మ ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది. మరునాటి నుంచి వేరే బల్ల మీద కూర్చుంది. బడి చదువు అయిపోయేదాకా వాళ్లు మాట్లాడుకోలేదు.

నాకు చెదలు పట్టాక బడి ఆయా తీసుకుపోయి తన ఇంటి కోళ్లగూటికి తలుపు చేసుకుంది. బ్లేడు గీత ఇంకా ఉంది. దాని కింద ఏముండేదో తెలిసిన నాకు నోరు లేదు. నోరున్న నీలవేణి అప్పుడప్పుడు గుడ్ల కోసం వచ్చి, ఆ గీత మీద వేలు పెడుతుంది.

"ఎనక్కి తిప్పినానే, కుళ్లాయమ్మా" అంటుంది.

లోపల కోళ్లు కాస్త కదిలి, మళ్లీ సర్దుకుంటాయి.