అమ్మినవాడికే మొదటి మాట

ర్యాండల్ టట్, నిన్నే అంటున్నాను. నీ తుపాకుల కొట్లో ఫ్యాను కింద కుర్చీలేసుకుని కాఫీ చప్పరించే పెద్దమనుషుల్ని కూడా కలిపే అంటున్నాను. ఈ కౌంటీలో తుపాకీ కొందామని వచ్చిన ప్రతి ఆడదానికీ అరచేతిలో ఇమిడే బుల్లిదాన్ని అంటగట్టింది మీరే. అది చేతిని కరిచి ఆమె పక్కన పడేస్తే, ఆడవాళ్ళకి తుపాకీ అచ్చిరాదులే అని నవ్వుకుందీ మీరే. నా సొరుగులో అలాంటివి మూడు పడి ఉండేవి. మూడూ మీ పుణ్యమే.

నా పేరు లవర్న్ స్టిగాల్. ఓజార్క్ కొండల్లో మా ఊరి కోళ్ళ ఫ్యాక్టరీలో ఎముకలు తీసే వరసలో నిలబడతాను. కత్తి పట్టీ పట్టీ మణికట్లు పోయాయి. పొద్దున్నే వేడినీళ్ళలో పెడితేగాని వేళ్ళు విచ్చుకోవు. వారమంతా ఈ చేతులు కంపెనీవి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం నావి. చర్చి అయ్యాక పాత రాతిగని వెనక మా క్లబ్బువాళ్ళు ఇనప బిళ్ళలు వరసగా నిలబెడతారు. గుండు తగిలితే ఠంగుమని పడిపోతాయి. ఆ ఠంగు వినడానికే నేను వారం ఈదుకొస్తాను. అలాంటిది, పోయిన వేసవికి ఒక్క రౌండు కాల్చేసరికి చెయ్యి ఎత్తలేని స్థితికొచ్చాను. ఇంక మానేద్దామనుకున్నాను.

నా తుపాకులు చూడండి మరి. మొదటిది గులాబీ రంగు పిడి రివాల్వర్. ‘ఇది ఆడవాళ్ళ కోసమే చేశారు బంగారం’ అన్నాడు ర్యాండల్. రెండోది సబ్బుబిళ్ళంత పిస్టల్, మా ఆయన డ్వెయిన్ పెళ్ళిరోజుకి ఆ కొట్లోనే కొనిచ్చాడు. రెండూ చేతిని పీకేస్తున్నాయని వెళ్ళి చెప్తే ర్యాండల్ ఇంకా తేలికదాన్ని చేతిలో పెట్టాడు. గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. పేలిస్తే గాడిద తన్నినట్టుంది. తుపాకీ ఎంత తేలికైతే దెబ్బ అంత మన చేతికే వస్తుంది. ఆ సంగతి ర్యాండల్‌కి తెలీదా? తుపాకులమ్మి ఇల్లు కట్టినవాడు!

నాకు తెలిసింది మాత్రం జూన్‌లో ఒక ఆదివారం. కొండమీద షెడ్డులో ఆకురాయి పట్టుకుని ఒక్కొక్క పిస్టలూ చేత్తో చేసే ఓరిన్ బ్లెవిన్స్ నా పక్క వరసలో నిలబడ్డాడు. నేను చెయ్యి విదిలించుకోవడం చూసి తన పిస్టల్ నాకిచ్చాడు. నిలువెల్లా ఉక్కు. ఇంత బరువు నేనెక్కడ మొయ్యను అనుకుంటూనే పేల్చాను. ఆ బరువే దెబ్బంతా మింగేసింది. తలగడ మీద పిడికిలితో గుద్దినట్టుంది, అంతే. బిళ్ళలన్నీ పడ్డాయి. నొప్పి వస్తుందని కాచుకుని నిలబడ్డాను. రాలేదు.

“ఈ ఏటికి ఇంకొక్కటే చెయ్యగలను” అన్నాడు ఓరిన్. “సెప్టెంబరు మొదట్లో లేబర్ డే లోపు బయానా కట్టు, నీదే. లేదంటే లిటిల్ రాక్‌లో ఒక పళ్ళ డాక్టరు కాచుక్కూర్చున్నాడు. నేను చేసినవి ఆయన దగ్గర అప్పుడే నాలుగున్నాయి.”

ఆ ఒక్క పిస్టల్ ధరకి మా ట్రక్కులాంటి పాత ట్రక్కు వస్తుంది. బయానాకే నా మూడూ అమ్మాలి. ఇంట్లో చెప్పాను.

“మూడిచ్చి ఒకటి తెచ్చుకుంటావా?” అన్నాడు డ్వెయిన్. “లోకంలో ఎవడన్నా చేస్తాడా ఆ పని? పైగా అందులో ఒకటి నేనిచ్చింది.”

“నువ్విచ్చినదాన్ని ఎన్నిసార్లు పేల్చాను?”

“ఒకసారి పేల్చావు కదే.”

“ఆ వారమంతా బంగాళాదుంపలు ఎవరు చెక్కారు?”

“నేనే” అన్నాడు. లేచి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. మా ఆయనలో అదొక మంచి గుణం, ఓడిపోయినట్టు తెలిస్తే సాగదీయడు.

మా కొండల్లో ఒక కట్టుబాటుంది. తుపాకీ ఎవరి దగ్గర కొన్నావో, అమ్మేటప్పుడు ముందు వాళ్ళనే అడగాలి. వాళ్ళు వద్దంటేనే ఇంకొకరికి. కాగితం ఉండదు, సంతకం ఉండదు, నోటిమాటే. ఆ మాట దాటినవాడి ఇంట్లో చావొచ్చినా ఇరుగుపొరుగు ఒక గిన్నెడు తిండి తెచ్చి గుమ్మంలో పెట్టరు. అందుకని ఆ శనివారం పొద్దున్నే డ్వెయిన్ ట్రక్కు నడిపితే ర్యాండల్ కొట్టుకే వెళ్ళాను. మూడింటినీ ఖాళీ చేసి, తెరిచి, కౌంటరు మీద పెట్టాను.

“అమ్మేస్తున్నాను ర్యాండల్. నీకే మొదటి మాట.”

“వీటినా?” నవ్వాడు. “ఎవడు కొంటాడు బంగారం? రెండు గుళ్ళు పేల్చేసరికి చెయ్యి చచ్చుబడిపోద్ది.”

కాఫీ కప్పులు గాల్లో ఆగాయి.

“ఏమన్నావ్? మళ్ళీ అను.”

“అంటే... నా ఉద్దేశం, వాడిన సరుకు కదా. సగం ధర ఇస్తాలే, నువ్వు కాబట్టి.”

“వాడిన సరుకా! వాడలేకే కదా తెచ్చింది!”

మూల కుర్చీలోంచి హోబర్ట్ కిసుక్కుమన్నాడు. అందరికంటే ముసలాడు ఆయనే. చెవులు వినబడవంటాడు గాని ఇలాంటివి మాత్రం వినబడతాయి.

సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. టాన్సీ వచ్చింది. మా వరసలో కొత్తగా చేరిన పిల్ల. రాత్రి షిఫ్టు వేశారు దానికి, కార్లు పెట్టేచోట దీపాలుండవు. అందుకే తుపాకీకి వచ్చింది. ర్యాండల్ ముఖం వెలిగిపోయింది.

“అదృష్టం అంటే నీదే అమ్మడూ! ఇదిగో లవర్న్ గులాబీది అమ్ముతోంది. నీ చేతికి కొలిచినట్టుంటది. మీ అమ్మకి కావాలంటే ఆ తేలికది కూడా ఉంది. నాకొద్దు, మీరు మీరు చూసుకోండి.” నావైపు తిరిగి కన్నుకొట్టాడు.

టాన్సీ పర్సు తీసింది. “ఎంతక్కా? రెండూ తీసుకుంటా.”

రెండూ! దాంతో బయానా దాదాపు పూర్తవుతుంది. నేను ‘సరే’ అంటే చాలు, ఆ సాయంత్రమే ఓరిన్ షెడ్డుకి వెళ్ళొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ ఆ పిల్ల చేతులు చూశాను. మణికట్టుకి అప్పుడే పట్టీ వేసుకుంది, మేమంతా వేసుకునేదే.

“ముందు పేల్చి చూడు” అన్నాను.

“కొనకుండా పేల్చనివ్వం. కొట్టు పద్ధతి” అన్నాడు ర్యాండల్.

“నీ సరుకైతే నీ పద్ధతి. నువ్వు వద్దన్నావుగా, ఇది నాది.”

కొట్టు వెనక మట్టికట్ట ఉంది, ర్యాండల్ బాగుచేసిన తుపాకులు అక్కడే పేల్చి చూస్తాడు. అందరం వెళ్ళాం. కుర్చీలవాళ్ళూ కప్పులతో సహా వచ్చారు. టాన్సీ చెవులు మూసే డిప్పలు పెట్టుకుని కట్ట మీది డబ్బాకి గురిపెట్టింది. ఒకటి పేల్చింది. రెండోది పేల్చి, రివాల్వర్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చెయ్యి చంకలో దాచుకుంది.

“తేలు కుట్టినట్టుందక్కా” అంది. వెంటనే, “నాకే చేతకాదేమో” అంది.

ఆ రెండో మాటకి నా ఒళ్ళు మండింది.

“నీకు చేతకాకపోవడమేమిటే! ర్యాండల్, రా. ఇప్పుడు నువ్వు పేల్చు. మిగిలినవన్నీ.”

తప్పించుకోలేకపోయాడు, అందరూ చూస్తున్నారు. పేల్చాడు. డబ్బా కదల్లేదు. ఆఖరి గుండయ్యాక రివాల్వర్ కింద పెట్టి చెయ్యి తీసుకెళ్ళి జేబులో పెట్టుకున్నాడు.

“ఏంట్రా ర్యాండలూ, జేబులో ఏం దాచావు?” అన్నాడు హోబర్ట్. “తేలేనా?”

ఇంక ఆ నవ్వు ఆగలేదు. హోబర్ట్ నడుముకున్న తన పాత ఉక్కు పిస్టల్ తీసి, ఎలా పట్టుకోవాలో చూపించి, టాన్సీకిచ్చాడు. “బరువుందని భయపడకు పిల్లా. దాని బరువే నీకు సాయం.” మొదటి గుండుకే డబ్బా ఎగిరి కట్ట అవతల పడింది. టాన్సీ డిప్పలు తీసేసి నావైపు చూసింది. అప్పుడే నా బేరం పోయింది. పోతే పోయింది.

నేను ర్యాండల్ వైపు తిరిగాను.

“ఇవి అమ్మినప్పుడల్లా నాతోనో మా ఆయనతోనో ఒక మాటన్నావు. ‘నచ్చకపోతే నాకే తెచ్చెయ్, ఇదే డబ్బు వాపసిస్తా, నా మాట.’ అన్నావా లేదా?”

“అబ్బ, అదేదో అమ్మేటప్పుడు అలా అంటాం లవర్న్. అందరితోనూ అంటాను.”

“అందరితోనూ అన్నావా?”

“ఆ, అందరితో...” అని ఆగిపోయాడు. తన నోటితో తనేం చెప్పాడో అప్పుడు తెలిసింది.

హోబర్ట్ కాఫీ అడుగుదాకా తాగి, మిగిలిన మడ్డిని గడ్డిలో పారబోశాడు.

“కౌంటరు మీద నువ్వేమనుకుని అన్నావో మాకనవసరం. తుపాకీ మీద చెప్పిన మాట మాటేరా. లోపలికి నడు, డబ్బు తియ్యి.”

పూర్తి ధరే తీశాడు, మూడింటికీ. ఇస్తూ ‘బంగారం’ అనలేదు. డ్వెయిన్ బయట ట్రక్కు స్టార్ట్ చేసే ఉంచాడు. పళ్ళ డాక్టరు వచ్చే ఏటిదాకా ఆగాల్సిందే.

నా సంగతి అయింది. కానీ నా ఒక్కదాని సంగతి చెప్పుకోడానికి ఇది రాయలేదు.

ఈ కౌంటీ ఆడవాళ్ళూ, ఫ్యాక్టరీలో వాళ్ళూ, బడి బస్సు నడిపేవాళ్ళూ, మీ సొరుగులు తెరవండి. మేజోళ్ళ కింద ఏముందో నాకు తెలుసు. చేతకానితనం మీది కాదు. దాన్ని ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, వచ్చే శనివారం కొట్టు తెరిచేసరికి పట్టుకురండి. గుమ్మం దగ్గర నేనూ టాన్సీ ఉంటాం. అమ్మినవాడికే మొదటి మాట.

ర్యాండల్, ఆ మట్టికట్ట దగ్గరి బల్ల తుడిచి ఉంచు. ఒక తేలికది, ఒక బరువైనది పెట్టు. రెండూ పేల్చి చూడకుండా ఇంక ఏ ఆడదానికీ అమ్మకు. ఆ డబ్బు సొరుగు కూడా నిండుగా ఉంచు. అందరితోనూ అన్నావుగా, అందరం వస్తున్నాం.