నీలం పోయిన రోజు

బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. ఈశ్వరప్ప చొక్కా చేతులు పైకి మడిచి, పట్టు తీసే పొయ్యి పక్కనున్న గుంతలోకి వంగి గాజుబుడ్డిని మెల్లగా బయటికి తీశాడు. బూడిద తుడిచి వెలుతురుకు పట్టి చూశాడు. నిన్న తేటగా ఉన్న నీళ్లు రాత్రికి రాత్రే గంజిలా మసకబారాయి.

"ఏం అయివారూ, మీ బిడ్డలు నిద్ర లేచినారా?" మరిగే బానలో పట్టుగూళ్లు కలుపుతూ చౌడక్క అడిగింది.

"లేచినారు చౌడక్కా. అంతా నీ పొయ్యి చలవ."

"నా వేళ్లు ఉడికిపోతాండాయి. ఆ పురుగులకు ఈ కాక ఎట్ల పడుతుందో ఏమో!"

కంటికి కనబడని ఆ సూక్ష్మజీవులు దొరికింది కూడా అక్కడే, ఆమె వేడినీళ్లు పారబోసే చోట పేరుకున్న పాచిలో. తక్కినవి చచ్చే వేడిలో అవి హాయిగా పెరుగుతాయి. వాటిని పెంచే వేడిపెట్టె హిందూపురం కాలేజీలో లేదు. అందుకని డిమాన్‌స్ట్రేటర్ ఈశ్వరప్ప రోజూ పెనుకొండ నుంచి రైల్లో వచ్చి, ముందు చౌడక్క పొయ్యి దగ్గర ఆగి, తర్వాతే కాలేజీకి పోతాడు.

సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంగాయి. కళ్లద్దాల విరిగిన కాడకు పట్టుదారం చుట్టుకున్నాడు. ధర్మవరంలో నాయన మగ్గం నేస్తూ చదివిస్తే బెంగుళూరు ప్రయోగశాల దాకా పోయాడు. అక్కడొక చలిగది ఉండేది. జీవకణాల లోపల పని నడిపించే ఎంజైములను ఆ చలిలోనే శుద్ధి చేసేవాళ్లు. కాస్త వేడి తగిలినా అవి కోడిగుడ్డు సొనలా గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. నాయన మంచాన పడ్డాక ఈశ్వరప్ప ఇటు వచ్చేశాడు. ఇక్కడ పొట్టులో చుట్టి రైల్లో తెప్పించిన ఐసు స్టేషను దాటకముందే నీరయ్యేది. ఏ ఎంజైము మొదలుపెట్టినా మధ్యాహ్నానికి చెడిపోయేది. అట్లా ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. చల్లగా ఉంచడం చేతకాకపోతే వేడికి ఓర్చేదాన్నే వెతుక్కోవాలని చివరికి తోచింది. గుండె బలహీనంగా ఉంది, విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఈ పందొమ్మిది వందల అరవైరెండు ఎండాకాలమే ఆఖరని భార్య నీలావతికి మాటిచ్చాడు.

సెలవులకు కాలేజీ ఖాళీగా ఉంది. గదిలో నీళ్లతొట్టిలోకి పల్చటి సంచి వేలాడుతోంది. మునుపటి బుడ్లలో పెరిగిన కణాలను నిన్న ఇసుకతో నూరి రసం తీసి, దాన్ని చెయ్యి పెట్టలేని వేడినీళ్లలో నిలబెట్టాడు. వేడికి ఓర్వలేని మిగతావన్నీ విరిగిన పాలలా అడుక్కు దిగాయి. పైన మిగిలిన తేటలో రసాయనపు ఉప్పు కొంచెం కొంచెంగా కలిపితే తెల్లటి మడ్డి పేరుకుంది. ఆ మడ్డిని సంచిలో కట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టాడు. ఉప్పు బయటికి పోయి ఎంజైము సంచిలో మిగలాలి.

ఆ మిగిలినదాన్ని గాజునాళికల్లో పోశాడు. ఒకదాన్ని గోరువెచ్చగా, ఒకదాన్ని బాగా వేడిగా, మూడోదాన్ని తెర్లి మరిగేదాకా కాచాడు. ఆపైన అన్నింటిలోనూ పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లం, నీలిమందు చుక్క వేసి, గాలి తగలకుండా నూనె పోశాడు. ఎంజైము బతికి ఉంటే ఆ పులుపు మీద పనిచేసి నీలాన్ని పోగొడుతుంది. చచ్చిపోయి ఉంటే నీలం అట్లాగే నిలుస్తుంది.

స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీ అవతల వీధి ఎండలో తేలుతున్నట్టుంది. ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది. అది బయటిదో, చిన్ననాటిదో తెలియలేదు. ఆ చప్పుడుకు రెప్పలు వాలాయి. కళ్లు తెరిచేసరికి బాగా వేడిచేసిన నాళికలో నీలం పలచబడుతోంది. తెల్లవారుజామున ఆకాశంలో చీకటి కరిగినట్టు కింది నుంచి పైకి కరిగిపోయి, చివరికి తేటనీళ్లు మిగిలాయి. గోరువెచ్చటిదీ తేటపడింది. తెర్లించినది మాత్రం నీలంగానే ఉంది. అంటే రంగును పోగొట్టింది ఎంజైమే, మరేదీ కాదు. ఎంత వేడికి ఓర్చుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా తేలిపోయింది.

చెప్పుకోవడానికి ఎవరూ లేరు. తలుపు తీసి ఖాళీ వరండాలోకి చూసి, ఒక్కడే నవ్వుకున్నాడు.

సాయంత్రం రైలు దిగి పెనుకొండలో ఇంటిదాకా ఎత్తు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. రొమ్ములో ఏదో బిగబట్టినట్టుంది. కొండ మీద కోటగోడ ఎర్రగా వెలుగుతోంది. ఇల్లు చేరి, చేతిసంచి పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

"నీలా, నీలం పోయిందే!"

నీలావతి చెంబుతో నీళ్లు అందిస్తూ, "నేనీడనే ఉండాను గదా, యాడికి పోతాను?" అంది.

అతను పొలమారేదాకా నవ్వాడు. "నీవు కాదు, నాళికలో రంగు. అంత కాకకూ అది చావలేదు. నేను కళ్లారా చూస్తిని."

"అయితే ఇంక రేపటి నుంచి ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటాలే."

"ఉండండి, మజ్జిగ తెస్తా."

ఆమె మజ్జిగ చిలికి, ఉప్పు వేసి, కరివేపాకు తుంచి తెచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడనుకుంది. కళ్లద్దాలు తీసి పక్కన పెడదామని వంగింది. పిలిచింది. మళ్లీ పిలిచింది.

అన్నీ ముగిసి, ధర్మవరం నుంచి వచ్చిన చుట్టాలు తిరిగి వెళ్లాక నీలావతి అతని చేతిసంచి విప్పింది. అడుగున, ఆ రోజు ఆమె నోరు తీపి చేద్దామని కొన్నట్టుంది, అంగడి కాగితంలో చుట్టిన బెల్లం ముద్ద ఉంది. ఎండకు మెత్తబడి కాగితానికి అతుక్కుపోయింది. దారంతా సంచి మీదుగా దాన్ని గట్టిగా పట్టుకొచ్చిన వేళ్ల గుర్తులు అందులో లోతుగా దిగి ఉన్నాయి.